కోడు ఎటు పోయింది?

పాఠం చెప్పడానికి నేను ఒక్కసారే భయపడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాదు. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది. ఎనిమిదో తరగతికి డెల్టా పాఠం పుస్తకం తెరవకుండా చెప్పగలిగేంత అలవాటైపోయింది. అయినా ఆ రోజు తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడితే నోరు ఎండిపోయి, మంచినీళ్ళ కోసం చుట్టూ చూశాను. సాంఘిక శాస్త్రం చెప్పే కొత్త టీచర్లు ఎక్కడ కలిసినా నన్ను పాత రోజుల గురించి అడుగుతూ ఉంటారు. అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ రోజే. అందుకని ఇది మీ కోసం రాస్తున్నాను.

రెండు వేల దశకం నడుమ సంగతి. భీమవరంలో బస్సెక్కి చిన్న కునుకు తీసేసరికి వచ్చే ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలు. బస్సు దిగితే ఒక పక్క వరి, ఒక పక్క చేపల చెరువులు. ఏటేటా వరి వెనక్కి జరుగుతూ, చెరువులు ముందుకు వస్తూ ఉండేవి.

మా బడికి కంప్యూటర్లు అప్పుడే వచ్చాయి. ప్రభుత్వం ఇచ్చినవి కావు, ఊరి ప్రెసిడెంటు గారు ఇచ్చినవి. ఆయన పదవి ఎప్పుడో అయిపోయింది గానీ ఊరు ఆయన్ని ఇంకా ప్రెసిడెంటు గారనే పిలిచేది. బడి కమిటీకి కూడా ఆయనే పెద్ద. పొలాలు, చెరువులు బాగా ఉన్న మనిషి. కంప్యూటర్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ప్రారంభించారు. తరవాత ఒకరోజు అటుగా వచ్చి, తరగతి తరగతంతా ఒకే ఒక్క తెర ముందు తోసుకుంటూ ఉండడం చూశారు.

"ఏంటండీ ఇది, సినిమా టిక్కెట్ల దగ్గర జనంలాగ! గోడ మీద పెద్దగా బొమ్మ పడే మిషను ఉంటుందంట కదా?" అన్నారు.

వారం తిరక్కుండా ప్రొజెక్టరు వచ్చింది. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, జరిగినదంతా విన్నాక ఆయన్ని మీరు ఉత్త దుర్మార్గుడిగా జమ కట్టేస్తారేమోనని. మనుషులు అంత సులభంగా ఉండరు.

ఆ గది తాళం మా హెడ్మాస్టారి దగ్గర ఉండేది. పదవీ విరమణ దగ్గర పడిన మనిషి. దుమ్ము పడితే కంప్యూటర్లు చచ్చిపోతాయని ఎవరో ఆయనకు చెప్పారు. దాంతో చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. గుళ్ళోకి వెళ్ళినట్టే వెళ్ళేవాళ్ళం. లోపల మేము చేసే పని మాత్రం మార్కుల జాబితాలు కొట్టుకోవడం, పిల్లలేమో రంగులతో కొబ్బరిచెట్లు గీయడం.

భూగోళానికి ఆ మిషను ఎందుకు పనికొస్తుందో నాకు భీమవరంలోని ఒక నెట్ సెంటర్లో తెలిసింది. ఏదో దరఖాస్తు పని మీద వెళితే, పక్క కుర్రాడు ఆకాశంలోంచి తీసిన భూమి బొమ్మ చూస్తున్నాడు. అది గళ్ళు గళ్ళుగా, నిదానంగా తేటపడుతోంది. "మా బడి కనబడుతుందా బాబూ?" అని అడిగాను. చాలాసేపటికి కనబడింది. పెంకుల కప్పు, పక్కన కొత్త శ్లాబు గది, ముందు ఖాళీ స్థలం. ఇన్నేళ్ళూ నేను పిల్లల చేత డెల్టా అంటే ఏమిటో బట్టీ పట్టించాను. డెల్టా ఎక్కడ ఉందని అడిగితే సగం మంది ఈజిప్టు అనేవారు. తాము నిలబడి ఉన్నదే డెల్టా అని నేను వాళ్ళకు ఏనాడూ చూపించలేకపోయాను.

ఆ బొమ్మలు ముక్కలు ముక్కలుగా దాచి, సీడీలో ఎక్కించుకుని వచ్చాను. మా లెక్కల మాస్టారికి కంప్యూటరు బాగా వచ్చు. మాట మాత్రం మహా వెటకారం. "సోషల్ వాళ్ళకు కూడా మిషను కావాల్సి వచ్చిందన్నమాట" అంటూనే అన్నీ వరసగా పేర్చి పెట్టాడు. ముందు దేశం, తరవాత ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా విడిపోవడం, ఆ మధ్య ఆకుపచ్చ నేల సముద్రంలోకి చెయ్యి చాచినట్టు ఉండడం, ఆఖరుకు మా ఊరు. గది కిటికీలకు గోనెసంచులు కట్టి ఆ పాఠం చెప్పిన మొదటిరోజు పిల్లలు కుర్చీలెక్కేశారు. "మా ఇల్లండి! మా ఇల్లండి టీచర్!" హెడ్మాస్టారు గారు దుమ్ము సంగతి మరిచిపోయి చెప్పులతోనే లోపలికి వచ్చి తన అద్దె ఇల్లు వెతుక్కున్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఇప్పటి ఊరు చూపించాం కదా, పాత ఊరు కూడా చూపిద్దామనిపించింది. రెవెన్యూ ఆఫీసులో పాత గ్రామ పటం నకలు తీసుకున్నాను. ఎవరైనా తీసుకోవచ్చు, అందులో రహస్యమేమీ లేదు. ఫొటో స్టూడియోలో దాన్ని స్కాన్ చేయించాక, గీతలు మాత్రం మిగిల్చి, ఆకాశం బొమ్మ మీద గాజుపలకలా పరిచేలా చేశాడు లెక్కల మాస్టారు. మొదటిసారి రెండూ సరిగ్గా కూర్చోక మా బడి వెళ్ళి చెరువులో పడింది. కాలువ వంతెన, గుడి, రోడ్డు మలుపు గుర్తులుగా పెట్టుకుని పిల్లలే దాన్ని ఒడ్డుకు లాగారు.

రెండూ సరిగ్గా కూర్చున్న రోజు, ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆ తరగతిలో అందరికంటే స్పష్టంగా మాట్లాడే పిల్ల. వాళ్ళ నాన్న చేపల చెరువుకు కాపలా. చెరువు గట్టు మీద పాకలోనే వాళ్ళ కాపురం.

"టీచర్, పాత పటంలో ఈ కోడు ఉంది కదండి. పేట వెనక నుంచి వచ్చి, ఈ చెరువులోకి వెళ్ళింది. అవతల పక్క మళ్ళీ బయటికి రాలేదండి. కోడు ఎటు పోయిందండి?"

ఇది తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. డెల్టాలో పొలానికి నీళ్ళు తెచ్చేది కాలువ. పొలం మీద ఎక్కువైన నీళ్ళను తీసుకుపోయేది మురుగు కోడు. తెచ్చేదానికి ఏటా పూజలు చేస్తారు. తీసుకుపోయేది ఉందో లేదో వానలొచ్చేదాకా ఎవరూ చూడరు.

వెనక వరసలో పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఆ చెరువు ప్రెసిడెంటు గారిది. కోడును కలిపేసుకుని గట్టు వేసిన సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. పిల్లలకూ తెలుసు. బస్సులో వచ్చిపోయే నాకే తెలియదు. ఏటా వానాకాలంలో పల్లపు చేలల్లో నారు కుళ్ళిపోవడం, పేటలో ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చి పిల్లలు బడి మానెయ్యడం, తడిసిన పుస్తకాలు మా వరండాలో ఆరబెట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. వానలు ఎక్కువయ్యాయి అనుకున్నాను. ఆ చేలన్నీ కౌలు రైతులవి. నారు పోతే మళ్ళీ పొయ్యాలి, అదీ పోతే కూలికి వెళ్ళాలి.

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. "మంచి ప్రశ్న. అందరూ ఆలోచించండి" అన్నాను. గంట కొట్టి నన్ను కాపాడారు.

సరిగ్గా అదే సమయానికి హెడ్మాస్టారు గారు ఒక కబురు తెచ్చారు. మా పాఠాల గురించి ఎలాగో విని, జిల్లా విద్యాశాఖ అధికారి చూడడానికి వస్తున్నారట. ప్రెసిడెంటు గారు ముఖ్య అతిథి. ఊళ్ళో తల్లిదండ్రులందరినీ పిలవాలి. పిల్లల చేతనే చెప్పించాలి. హెడ్మాస్టారి ముఖం వెలిగిపోతోంది. నేనూ వెంటనే ఒప్పుకున్నాను, ఆ అమ్మాయి చేత చెప్పిద్దామన్నాను.

రిహార్సల్లో ఆ పిల్ల గడగడా చెప్పుకుంటూ వచ్చి, పాత పటం పరుచుకోగానే కర్రతో కోడు మీద గీసి, చెరువు గట్టు దగ్గర ఆగి, "ఇక్కడి నుంచి కోడు లేదు. అందువల్ల పల్లపు పొలాలు మునుగుతున్నాయి" అంది. హెడ్మాస్టారి ముఖంలో ఆ వెలుగు ఆరిపోయింది. పిల్లల్ని బయటికి పంపేసి తలుపు వేశారు.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఆ ఒక్క బొమ్మ తీసెయ్యండి."

"ఇది రాజకీయం కాదు కదండీ. ఎనిమిదో తరగతి పాఠం."

"ఎనిమిదో తరగతి పాఠంలో ప్రెసిడెంటు గారి చెరువు లేదు కదమ్మా! ఆయన కొన్న మిషను మీద, ఆయన్ని ముందు కుర్చీలో కూర్చోబెట్టి..."

నాకు పౌరుషం వచ్చింది. నిజాన్ని దాచి భూగోళం ఎలా చెప్పాలంటూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన చెవులు మూసుకోలేదు గానీ, మూసుకున్నంత పని చేశారు. మూల కూర్చుని వైర్లు చుడుతున్న లెక్కల మాస్టారు అప్పుడు తలెత్తాడు. ఆ రోజు అతని గొంతులో వెటకారం లేదు.

"మీరు బాగానే మాట్లాడారండీ. మరీ విసిగిస్తే మిమ్మల్ని బదిలీ చేస్తారు. ఎక్కడికెళ్ళినా మీ జీతం మీకొస్తుంది. ఆ పిల్ల తండ్రిని ఏం చేస్తారో ఆలోచించారా? వాళ్ళుంటున్న పాక కూడా ఆయన గట్టు మీదే కదా."

నిజం చెబితే, నేను ఆలోచించలేదు. ఆ పిల్ల గొంతు బాగుందనీ, అధికారి మెచ్చుకుంటారనీ మాత్రమే ఆలోచించాను.

ఊళ్ళో మాట ఎంత తొందరగా పాకుతుందో మీకు తెలుసు. మర్నాడు సాయంత్రం వాన పడుతుంటే బస్సు కోసం నిలబడ్డాను. ప్రెసిడెంటు గారి కారు వచ్చి ఆగింది. "ఎక్కండి టీచరు గారూ. భీమవరమే వెళ్తున్నాను" అన్నారు. ఎక్కాను.

దారి పొడుగునా ఆయన అన్నీ మాట్లాడారు. అన్నవరం కొండ మీద రద్దీ గురించి, చేపల రేట్ల గురించి, మా వారి ఆరోగ్యం గురించి. చెరువు గురించి మాత్రం ఒక్క మాట లేదు. అద్దం మీద నీళ్ళు తుడిచే పుల్ల అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే, ఎప్పుడు అడుగుతారా అని నేను పైట కొంగు చేతికి చుట్టుకుని కూర్చున్నాను. మా వీధి మలుపులో దిగుతుంటే అన్నారు:

"మా కాపలావాడి కూతురు బాగా చదువుతుందంట కదండీ?"

"చాలా బాగా చదువుతుందండి."

"పెద్ద చదువులు చదివిద్దామనుకుంటున్నానండి. వాళ్ళ నాన్న మా దగ్గర నమ్మకంగా ఉంటాడు. అలాగే ఉండాలని నా కోరిక." నవ్వి, గొడుగు నా చేతికి ఇచ్చారు. "తడిసిపోతారు, పట్టికెళ్ళండి."

ఆ నవ్వు బెదిరింపో దయో నాకు ఈరోజుకీ తెలియదు. రెండూ కావచ్చు. ఆ గొడుగు వేసుకుని ఇంటిదాకా నడవడానికి మాత్రం నాకు మనస్కరించలేదు. తడుస్తూనే వెళ్ళాను.

మర్నాడు పొద్దున్న బడి గేటు దగ్గర ఆ అమ్మాయి తండ్రి నిలబడి ఉన్నాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మగారండీ, మా అమ్మాయి చేత ఆ ముక్క చెప్పించకండి. మీకు పుణ్యముంటది."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదండి. అదేనండి నా భయం."

"మీ అమ్మాయి మాట్లాడదు. నా మాట నమ్మండి" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అని రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయిని పిలిచి, కార్యక్రమంలో పాఠం నేనే చెబుతానన్నాను. ఏడవలేదు. నేల చూస్తూ, "నేను ఏమైనా తప్పు చెప్పానా టీచర్?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. మరి ఎందుకు అని ఆ పిల్ల అడగలేదు.

ఇక మిగిలింది నేనూ, ఆ బొమ్మా. తీసెయ్యాలా, ఉంచాలా? ఆ వారమంతా వాన పడుతూనే ఉంది. పేట పిల్లలు బడికి రావడం మానేశారు. లెక్కల మాస్టారు రోజూ అడిగేవాడు, "ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అని. రేపు చెప్తాననేదాన్ని. కార్యక్రమం ముందురోజు అటుగా వెళ్ళి చూశాను. పల్లపు చేలు ఎటు చూసినా నీళ్ళు. గట్ల మీద ఆడవాళ్ళు కుళ్ళిన నారు పీకి కుప్ప వేస్తున్నారు. వాళ్ళల్లో ఒకావిడ నన్ను చూసి, "రేపు బళ్ళో సినిమా అంట కదండీ, మేం కూడా వత్తాం" అంది నవ్వుతూ. తిరిగొచ్చి లెక్కల మాస్టారితో చెప్పాను: "ఉంచండి."

హెడ్మాస్టారు గారు ఆ మాట విని గది తాళంచెవి చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. ఆఖరుకు, "అయితే నేను స్విచ్చు బోర్డు పక్కన నిలబడతానమ్మా. ఆ బొమ్మ పడగానే కట్టేస్తాను. జనరేటరు ఆగిపోయిందని చెప్పుకుందాం" అన్నారు. కార్యక్రమానికి కరెంటు మీద నమ్మకం లేక జనరేటరు తెప్పించారు. అది కూడా ప్రెసిడెంటు గారి చెరువుల మీద నుంచి వచ్చిందే.

మర్నాడు గది కిక్కిరిసిపోయింది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టాం. తడి బట్టల వాసన, ఊపిరాడని ఉక్క. ముందు వరసలో అధికారి, పక్కన తెల్లచొక్కాలో ప్రెసిడెంటు గారు. ఒక పక్క నేల మీద పిల్లలు. వెనక ఊరంతా. గుమ్మంలో ఆ అమ్మాయి తండ్రి. గోడ దగ్గర బోర్డు మీద చెయ్యి పెట్టుకుని హెడ్మాస్టారు గారు.

మంచినీళ్ళు తాగి మొదలుపెట్టాను. గోదావరి పాయలు చూసి అధికారి ముచ్చటపడ్డారు. ఊరు దగ్గరకు వచ్చేసరికి గోల మొదలైంది. "అదిగో మా దొడ్డి!" "ఎవరిదా గడ్డివాము?" ప్రెసిడెంటు గారు కూడా తన మేడ చూసి నవ్వారు. అప్పుడు పాత పటం వచ్చి నెమ్మదిగా ఊరి మీద పరుచుకుంది. నేను స్విచ్చు బోర్డు వైపు చూడలేదు.

బొమ్మ ఆరలేదు.

"పాత పటంలో ఉండి, ఇప్పుడు లేనిది ఏమిటి?" అని పిల్లల్ని అడిగాను. ఎవరో ఒకరు, కోడు అని ఒక్క మాట అంటే చాలు, ఎవరిదీ అనకుండా నేను పాఠం ముగించేద్దామనుకున్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. తరగతి మొత్తానికి సమాధానం తెలుసు. అందరూ తల దించుకున్నారు. బయట వాన, లోపల ప్రొజెక్టరు ఫ్యాను చప్పుడు. తెలియక మాట్లాడని పిల్లలు ఒకలా ఉంటారు, తెలిసి మాట్లాడని పిల్లలు ఇంకోలా ఉంటారు.

అధికారికి ఇదేమీ తెలియదు. మంచి మనిషి. ముందుకు వంగి పిల్లల్ని ఉత్సాహపరిచారు. "చెప్పండర్రా, భయమెందుకు? ఆ వంకర గీత చూడండి, ఎక్కడికి పోయింది?" అంటూ చూపు తిప్పి, సరిగ్గా ఆ అమ్మాయి దగ్గర ఆపారు. "నువ్వు చెప్పమ్మా. నీ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది, నీకు తెలుసు."

ఆ పిల్ల లేచి నిలబడింది. గుమ్మంలో తండ్రి తలుపు రెక్క పట్టుకున్నాడు. ప్రెసిడెంటు గారు వెనక్కి తిరిగి ఆ పిల్ల వైపు చూశారు. పిల్ల నా వైపు చూసింది. పెదవులు కదిలాయి.

"సార్, ఆ ప్రశ్న నాదండి. సమాధానం కూడా నేనే చెప్తాను" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "కూర్చోమ్మా."

కర్ర ఎత్తి, పేట వెనక నుంచి కోడు వెంబడి నడిపించాను. "ఇది మురుగు కోడండి. పల్లపు పొలాల నీళ్ళు ఇందులోంచి పెద్ద డ్రెయిన్లోకి పోయేవి. ఇప్పుడు ఇక్కడ, ప్రెసిడెంటు గారి చెరువు గట్టు కింద ఆగిపోయింది. అవతల పక్క కోడు ఆనవాలు ఇంకా ఉంది. మధ్యలో మాత్రమే లేదు. నీళ్ళకు దారి లేక వెనక్కి తన్ని, పొలాల్లోకీ పేటలోకీ వస్తున్నాయి. వానలు ఎక్కువవడం కాదండి. ఇదండి ఈ ఊరి భూగోళం."

ప్రెసిడెంటు గారు లేచారు. తెర దగ్గరికి నడిచి వచ్చారు. పొలాలూ గట్లూ ఆయన తెల్లచొక్కా మీద పడ్డాయి. కాసేపు ఆ గీతనే చూశారు. తరవాత అధికారి వైపు తిరిగి, చక్కగా నవ్వుతూ అన్నారు:

"మా టీచరు గారు పాఠం ఎంత బాగా చెప్తారో చూశారా అండీ? ఇలాంటివాళ్ళు మా ఒక్క ఊరికే ఉండిపోతే ఎలాగండీ. మిగతా ఊళ్ళకు కూడా కావాలి కదా."

అధికారి చప్పట్లు కొట్టారు. జనం కూడా కొట్టారు. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళం టీచర్లమే. లెక్కల మాస్టారు నా వైపు చూసి, ఇక సామాన్లు సర్దుకోమన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

ప్రెసిడెంటు గారు టిఫిను ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. జనం మాత్రం కదల్లేదు. ముందురోజు గట్టు మీద కనబడినావిడ ముందుకొచ్చి, "ఆ బొమ్మ కాయితం మీద తీసిత్తారా అండీ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే లెక్కల మాస్టారు, "ఎన్ని కావాలమ్మా?" అన్నాడు. ఆ సాయంత్రం ప్రింటరు సిరా అయిపోయేదాకా తీసి ఇచ్చాడు.

అందరూ వెళ్ళాక హెడ్మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అక్కడే, బోర్డు పక్కనే కూలబడి చెమట తుడుచుకుంటున్నారు.

"ఎందుకు కట్టలేదండీ?"

"కట్టేద్దామనే అనుకున్నానమ్మా. ఆ చీకట్లో ఏ స్విచ్చు దేనిదో తెలిసి చావలేదు" అని విసుక్కుని లేచి వెళ్ళిపోయారు. నేను వెనక్కి తిరిగి బోర్డు వైపు చూశాను. దాని మీద ఉన్నది ఒక్కటే స్విచ్చు.

బదిలీ ఉత్తర్వు దసరా సెలవులకు ముందే వచ్చింది. పరిపాలనా సౌలభ్యం కోసం అని రాశారు. డెల్టా నుంచి తీసి జిల్లాకు అవతలి చివర మెట్ట ప్రాంతంలో వేశారు. ఆఖరి రోజు ఆ అమ్మాయి బస్సు స్టాపుదాకా వచ్చింది. వాళ్ళ నాన్న ఉద్యోగం, పాక ఉన్నాయట. ఎవరూ ఏమీ అనలేదట. అప్పుడు మనసులో గుచ్చుకుంటున్న ప్రశ్న అడిగాను.

"ఆ రోజు నేను ఆపకపోతే నువ్వు ఏం చెప్పేదానివమ్మా?"

"తెలియదని చెప్పేదాన్నండి. నాన్న గుమ్మంలో ఉన్నాడు కదండీ." బస్సు వస్తుంటే నా సంచీ అందిస్తూ అంది, "తెలిసింది తెలియదని ఎప్పుడూ చెప్పలేదండి నేను. ఎలా చెప్పాలా అనుకుంటూ ఉంటే మీరు కూర్చోమన్నారు." సీట్లో కూర్చున్నాక చాలా దూరం వరకు నాకు కిటికీలోంచి ఏమీ కనబడలేదు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో లెక్కల మాస్టారు ఫోను చేశాడు. కౌలు రైతులు ఆ కాగితాలు పట్టుకుని డ్రెయిన్ల ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నారట. కొలతలకు మనుషులు వస్తారన్న మాట పుట్టేసరికి, ప్రెసిడెంటు గారే ముందుకొచ్చి తన గట్టు కింద పెద్ద సిమెంటు గొట్టాలు వేయించి నీళ్ళకు దారి ఇచ్చారట. "కొబ్బరికాయ కొట్టారండీ. పూలదండలు వేశారు. రైతుల మేలు కోరి ప్రెసిడెంటు గారు చేసిన త్యాగం అని రాయి కూడా పాతారు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. నీళ్ళు పోతున్నాయా అని అడిగాను. పోతున్నాయన్నాడు. మరైతే ఆ రాయి మీద ఎవరి పేరు ఉంటే నాకేం?

కొత్త బడి సంగతి చెప్పి ముగిస్తాను. ఎర్రమట్టి నేల, దూరంగా కొండలు, చేపల చెరువు ఒక్కటీ లేదు. అక్కడి హెడ్మాస్టారు నాకంటే చిన్నవాడు. చేరిన రోజు ఎదురొచ్చి, కాఫీ తెప్పించి, ప్రభుత్వం కొత్తగా ఇచ్చిన కంప్యూటరు గది తనే తాళం తీసి చూపించాడు. నాకంటే ముందే నా కథ అక్కడికి చేరిందని అతని మర్యాద చూస్తేనే తెలిసింది. కాఫీ తాగాక గొంతు సవరించుకుని అన్నాడు:

"మీ పాఠాల గురించి విన్నాను మేడమ్. మా పిల్లలకు కూడా చెప్పండి. హిమాలయాలు చూపించండి, సహారా చూపించండి, అమెజాన్ చూపించండి. ప్రపంచమంతా చూపించండి. మా ఊరు తప్ప."

"ఏం మాస్టారూ," అన్నాను, "మీ ఊళ్ళో ఏం మాయమైంది?"

అతను తలుపు వైపు ఒకసారి చూసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.